మండలం రోజుల్లో అష్టసిద్ధులు

సిద్ధులు కావాలనుకునేవాళ్లు మొట్టమొదట చేసే తప్పు పతంజలి యోగసూత్రాలను మొదటి పేజీ నుంచి చదవడం. అందులో నాలుగు పాదాలున్నాయి. మొదటి రెండూ చిత్తవృత్తులు, యమనియమాలు అంటూ సాగుతాయి. అబద్ధమాడొద్దు, దొంగతనం చెయ్యొద్దు అన్నవి బళ్లో విన్నవే కదా. తిన్నగా మూడోదైన విభూతిపాదం తెరవండి. ఏనుగు బలం, ఎదుటివాడి మనసు తెలిసే పరచిత్తజ్ఞానం, మాయమైపోవడం, ఆకాశగమనం, అన్నీ హోటల్ మెనూలా వరసగా ఉంటాయి. ఇవి సమాధికి అడ్డంకులని చెప్పే సూత్రం కూడా అక్కడే ఉంది. ఆ పేజీలు అంటుకుపోయాయనుకోండి.

ముందు సులువైనది పట్టండి. కంఠకూపం, అంటే గొంతు దగ్గరి గుంట మీద సంయమం చేస్తే ఆకలిదప్పులు పోతాయట. ధారణ, ధ్యానం, సమాధి మూడూ ఒక్కచోట కుదిరితేనే సంయమం అంటారు గానీ, అంత పట్టింపు దేనికి? పొద్దున్నే కళ్లు మూసుకుని గొంతు మీద దృష్టి నిలపండి. కాసేపటికి వంటింట్లోంచి పెనం మీద నెయ్యి వాసన, దాని వెనకే అల్లం, పచ్చిమిర్చి ఘాటు వస్తాయి. నోట్లో నీళ్లూరతాయి. కంగారుపడకండి. ఖేచరీముద్రలో పైనుంచి జారే అమృతమంటారే, అదే ఇది. మింగేసి, వెళ్లి రెండు పెసరట్లు తినండి. ఆకలి పోతుంది. సిద్ధి సిద్ధే.

పద్మాసనంలో గంట కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది. నరం నొక్కుకుపోయిందంటాడు డాక్టరు. కుండలిని లేచిందని మీరనండి. మూలాధారంలో లేవాల్సింది మడమలో లేచిందేమిటని ఎవరైనా అడిగితే పూర్వజన్మ సంస్కారం మీదికి తోసెయ్యండి. మూసిన కళ్లను వేళ్లతో నొక్కితే రంగురంగుల వెలుగులు కనిపిస్తాయి. అవి రెటీనా మీద ఒత్తిడి వల్ల ఎవరికైనా కనిపించేవే, కాకపోతే శిష్యులకు ఆ సంగతి అనవసరం.

ఇక గాల్లోకి లేవడం. మహర్షి మహేశ్ యోగి సంస్థ 1970లలో ‘యోగిక్ ఫ్లయింగ్’ నేర్పడం మొదలుపెట్టింది. పద్మాసనంలో పరుపుల మీద ఎగిరెగిరి పడడం మొదటి దశ, గాల్లో నిలవడం తర్వాతి దశ. ఈ ‘తర్వాతి’ అన్న మాట ఉందే, దాన్ని వదలకండి. 1966లో ఎల్.ఎస్.రావు అనే హఠయోగి బొంబాయిలో జనాన్ని పిలిచి మరీ నీళ్ల మీద నడవబోయి మునిగాడు. చోటూ వేళా ముందే చెప్పడమే ఆయన పొరపాటు. మీరెప్పుడైనా సరే నిన్న రాత్రి, ఒంటరిగా, తలుపేసుకుని ఎగరండి.

చివరగా గురువు. బుద్ధుడిలాంటివాడి జోలికి పోవద్దు. రాజగృహంలో ఎత్తున కట్టిన గంధపుచెక్క పాత్రను ఆయన శిష్యుడు పిండోల భారద్వాజుడు గాల్లోకి లేచి దించాడని వినయపిటకం చెబుతుంది. మెచ్చుకోవాల్సింది పోయి బుద్ధుడు చీవాట్లు పెట్టి, పాత్రను పొడి కొట్టించి, గృహస్థుల ముందు మహిమలు చూపొద్దని నియమం పెట్టాడు. లేని సిద్ధి ఉందని తెలిసి తెలిసి చెప్పుకున్న భిక్షువును సంఘంలోంచే వెళ్లగొట్టే నియమమూ ఉంది. ఇంత చాదస్తం లేని గురువును వెతుక్కోండి. ఫీజు మొత్తం ముందే కట్టమన్నాడా, కట్టెయ్యండి. మీరు కడతారని ఆయనకు ముందే తెలిసిందంటే పరచిత్తజ్ఞానం ఉన్నట్టే.