ముఖమే లీవు లెటరు

నుదురు, ముక్కు, గడ్డం జిడ్డోడుతుంటాయి. బుగ్గలు మాత్రం పొడిబారి పొట్టు రాలుతుంటాయి. ఏది రాసినా చుర్రుమంటుంది. ఒక మొటిమ తగ్గేలోపు పక్కన ఇంకోటి లేస్తుంది. మీ చర్మం ఇదే రకమైతే మీరు అదృష్టవంతులు. ఈ ముఖాన్ని చెడగొట్టడానికి వారం చాలు, బాగుచేయడానికి నెలలు కావాలి. మనకు కావలసింది ఆ నెలలే.

కోల్‌కతా న్యూ టౌన్‌లో ఉద్యోగం చేస్తున్న మన తెలుగు పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. ఎకోస్పేస్‌కో, డీఎల్‌ఎఫ్‌కో, గీతాంజలి పార్కుకో రోజూ ఆఫీసుకని పరుగెత్తుతారు, వచ్చిన జీతంలో సగం క్రీములకే పోస్తారు. ముఖం బాగుపడితే ఏమొస్తుంది? కెమెరా ఆన్ చేయమంటారు. పాడైతే "స్కిన్ ప్రాబ్లమ్ సర్" అన్న మూడు ముక్కలకే మేనేజరు చూపు తిప్పుకుంటాడు, ఇంటి నుంచే పని చేసుకోమంటాడు. పెళ్లిచూపులున్నాయి, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రా అని అమ్మ ఫోన్ చేస్తే ఒక్క ఫొటో పంపండి. సంబంధం దానంతటదే వాయిదా పడుతుంది.

ఊరు కూడా కలిసొస్తుంది. ఏప్రిల్ నుంచి దుర్గాపూజల దాకా చెమట ఆరని ఉక్క. చలికాలం వచ్చిందంటే పొడిగాలి, పొగ, న్యూ టౌన్ యాక్షన్ ఏరియాల్లో లేస్తున్న భవనాల దుమ్ము. ఆఫీసులోకి వెళ్తే రోజంతా ఏసీ. సగం పని వాతావరణమే చేసిపెడుతుంది. మిగతా సగం ఇలా చేయండి.

1. పొద్దున లేవగానే ఒంటికి రుద్దుకునే సబ్బే ముఖానికీ రుద్దండి. వేరే ఫేస్‌వాష్ ఎందుకు, ఒకే పెట్టె, ఒకే ఖర్చు. చర్మం సహజంగా కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బు 9 నుంచి 10 దాకా పోతుంది. రెండుపూటలా రుద్దితే చర్మం పైపొర తన తడిని తాను నిలుపుకోలేదు. బుగ్గలు బిగుసుకుంటాయి, మంట మొదలవుతుంది. వేలు జారకుండా కీచుమనేదాకా కడగండి. మధ్యాహ్నం ఆఫీసు బాత్రూంలో ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి, జిడ్డు అనిపించినప్పుడల్లా ఇంకోసారి. మెత్తటి క్లెన్సర్‌తో రోజుకు రెండుసార్లు చాలని డాక్టర్లు అంటారు. ఆ పద్ధతిలో మీకు సెలవు దొరకదు.

2. ఆదివారం సున్నిపిండి. ఊరి నుంచి అమ్మ పంపిన పొట్లం ఎలాగూ ఉంటుంది. నానబెట్టకండి, జల్లించకండి, గరుకుగా ఉన్నదాన్నే మొటిమల మీద గట్టిగా రుద్దండి. చీమున్నవి చితికేదాకా ఆపకండి. తర్వాత నిమ్మచెక్క. నిమ్మరసం పీహెచ్ 2 చిల్లర, చుర్రుమనడం ఖాయం. కడగకుండా అలాగే ఎకో పార్కుకు వెళ్లండి. 480 ఎకరాల పార్కు, ఎండకు కొదవ లేదు. నిమ్మజాతి రసం పడిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు నల్లమచ్చలు పడొచ్చు, అవి వారాల తరబడి పోవు. సోమవారం ఉదయం ఫోన్ చేయడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

3. సన్‌స్క్రీన్ కొనండి, వాడకండి. కొనడం ఎందుకంటే అమ్మ అడిగినప్పుడు డబ్బా చూపించాలి. ఎస్‌పీఎఫ్ 50 అని పెద్దక్షరాలతో ఉన్నది తీసుకోండి. ముఖానికీ మెడకూ కలిపి రెండువేళ్ల పొడవు కావాలి, బయట తిరిగేటప్పుడు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మీరు శనగగింజంత తీసి ముక్కు మీద చుక్క పెట్టండి. డబ్బా ఏడాది వస్తుంది. దాన్ని స్కూటీ డిక్కీలో పెట్టండి, ఎండకు అదే చెడిపోతుంది. "మబ్బుగా ఉంది", "ఆఫీసులోనే కదా కూర్చునేది" అన్న రెండు మాటలు నోటికి వచ్చేయాలి. యూవీఏ కిరణాలు మబ్బునూ కిటికీ అద్దాన్నీ దాటి వస్తాయి, మొటిమ మానినచోట మిగిలిన మచ్చను ఇంకా ముదరబెడతాయి. కాబట్టి ఆఫీసులో కిటికీ పక్క సీటు అడిగి తీసుకోండి.

4. ఇక అసలు చిట్కా. దీన్ని మాత్రం నిదానంగా చదవండి.

డాక్టరు దగ్గర వరుసలో కూర్చునే ఓపిక మనకు లేదు. వీధి చివరి మందుల షాపుకు వెళ్లండి. మొటిమ అనకండి, "దాదా, చుల్కాని" అనండి. బెంగాలీలో దురద అని. కొన్నిచోట్ల మారుమాట లేకుండా చిన్న ట్యూబు చేతిలో పడుతుంది. అందులో బీటామెథసోనో, క్లోబెటసాలో ఉంటుంది, పక్కన ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. మీకు ఆ ట్యూబు చూపించిన స్నేహితుడు దాన్ని ఫెయిర్‌నెస్ క్రీమ్ అంటాడు. పేరు ఏదైనా అది స్టెరాయిడే.

మొదటి వారం అద్భుతం. ఎరుపు పోతుంది, వాపు దిగుతుంది, రంగు తేలుతుంది. "ఏంట్రా, ఏం రాస్తున్నావ్?" అని పీజీలో ముగ్గురు అడుగుతారు. వాళ్లకూ అదే ట్యూబు ఇవ్వండి, మంచిని పంచుకోవాలి. మానకుండా రాస్తూ పోతే చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్ర రక్తనాళాలు పైకి తేలుతాయి, అమ్మాయిల ముఖం మీదా వెంట్రుకలు రావచ్చు, కొత్త రకం మొటిమలు గుంపుగా లేస్తాయి. మానేశారో, ముఖం అగ్గిలా మండుతుంది. అది భరించలేక మళ్లీ రాస్తారు. అంటే సరుకు ఎప్పటికీ చేతిలోనే ఉంటుంది, ఎప్పుడు ముఖం మండాలో మీరే నిర్ణయించుకోవచ్చు. పెళ్లిచూపులకు నాలుగు రోజుల ముందు ఆపండి. ప్రాజెక్టు డెలివరీకి రెండు రోజుల ముందు ఆపండి. ఇంత కచ్చితంగా పనిచేసే సాకు నాకు ఇంకోటి కనిపించలేదు.

ఈ స్థితికి వైద్యశాస్త్రంలో పేరు కూడా ఉంది. స్టెరాయిడ్ పూసి పూసి చెడిన ముఖం, ఆ పూతకే అలవాటుపడిపోయిన ముఖం అని డాక్టర్లు కౌశిక్ లాహిరి, అరిజిత్ కూండూ రాశారు. ఇద్దరూ ఈ కోల్‌కతా వాళ్లే. చర్మవ్యాధుల డాక్టర్ల సంఘం దేశమంతా దీనిమీద పోరాడింది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అట్టపెట్టె మీద ఆ హెచ్చరిక చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని మడిచి పారేయండి.

5. ఎవరో బలవంతపెట్టి నిజంగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారనుకోండి. అడాపలీన్ రాసిస్తారు, రాత్రిపూట, ముఖమంతటికీ కలిపి బఠాణీగింజంత. ఫలితం కనపడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుందని, మొదట్లో కాస్త మంట, పొట్టు ఉంటాయని, మాయిశ్చరైజర్ తప్పనిసరి అని చెబుతారు. మీరు తడిముఖం మీద వెన్నలా పట్టించండి, మాయిశ్చరైజర్ జిడ్డని పక్కన పెట్టండి. దానిమీద సాలిసిలిక్ యాసిడ్, గ్లైకాలిక్ యాసిడ్, విటమిన్ సి, ఇంట్లో ఏ సీరం ఉంటే అది. పదోరోజు "ఈ మందు నాకు పడలేదు" అని ప్రకటించి మానేయండి. బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తే 2.5 శాతం వద్దు, 10 శాతం అడగండి. పనిలో రెండింటికీ పెద్ద తేడా లేదు, మంటలో ఉంది. అది బట్టల రంగు తినేస్తుంది కాబట్టి రూమ్మేట్ తువ్వాలుతో తుడుచుకోండి.

6. పక్క ఫ్లాటు బెంగాలీ పిన్నిగారు బోరోలిన్ ఇస్తే కాదనకండి. 1929లో గౌరమోహన్ దత్తా ఇక్కడే మొదలుపెట్టిన ఆకుపచ్చ ట్యూబు, ఏనుగు బొమ్మ. చలికి పగిలిన పెదవులకు, చిన్న గాట్లకు ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో ఉంటుంది. మీరు జూన్ నెల ఉక్కలో, జిడ్డోడే నుదుటికీ ముక్కుకీ దట్టంగా పూయండి. తలకు కొబ్బరినూనె ధారాళంగా పట్టించి అలాగే పడుకోండి. నూనె నుదుటిమీదకి దిగి వరుసగా చిన్న పొక్కులు లేస్తాయి. దిండు గలీబు ఉతకకండి.

7. గిల్లండి. ఫోన్ చూస్తూ, మీటింగు వింటూ, ఫుచ్కా తిన్న చేత్తోనే గిల్లండి. మన రంగు చర్మంలో గిల్లినచోట నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది, లోతుగా గిల్లితే గుంట జీవితాంతం. ముక్కు పైనుంచి రెండు పెదవి చివర్ల దాకా ఉన్న త్రికోణంలో ఇన్ఫెక్షన్ అరుదుగా మెదడు దాకా పోతుంది. అక్కడ దొరికే సెలవు చాలా పెద్దది.

8. తిండి దగ్గర ఏమీ మార్చకండి, నేరం మాత్రం దానిమీదే వేయండి. జిమ్‌లో వే ప్రొటీన్ రెండు స్కూపులు తాగుతూ, "మిష్టి దొయి మానేశానమ్మా, అయినా తగ్గట్లేదు" అనండి.

9. మాటలు ముందే కంఠతా పట్టండి. అమ్మకు: "ఇక్కడి నీళ్లు పడలేదమ్మా." అత్తకు: "వేడి చేసిందత్తా." మేనేజరుకు: "డాక్టరు ఎండలోకి వెళ్లొద్దన్నారు సర్." డాక్టరుకు: "ఏదో తెల్ల క్రీము రాశానండీ, పేరు గుర్తులేదు." ట్యూబులు ఎప్పుడూ క్లినిక్‌కు తీసుకెళ్లకండి. ఏం రాశారో తెలిస్తే ఆయన దారి కనుక్కుంటాడు, నెమ్మదిగా మాన్పిస్తాడు, ముఖం కోలుకుంటుంది, మీరు మళ్లీ ఎనిమిదింటి షటిల్ ఎక్కాలి.

10. శనివారం సాయంత్రానికి అపాయింట్‌మెంట్ బుక్ చేయండి. ఖరారైన మెసేజిని స్క్రీన్‌షాట్ తీసి టీమ్ గ్రూపులో పెట్టండి. శుక్రవారం రాత్రి రద్దు చేయండి. డబ్బు వెనక్కి వస్తుంది, స్క్రీన్‌షాట్ మీ దగ్గరే ఉంటుంది. వచ్చే నెల, తేదీ కనపడకుండా కత్తిరించి మళ్లీ పంపండి.