పిట్టది పాట, గబ్బిలానిది పీడ (టీకా తాత్పర్య సహితం)

మూలం: "పిట్టది పాట, గబ్బిలానిది పీడ."

అవతారిక: కాపుకొచ్చిన మామిడితోటలో కావలివాడు తెల్లవారుజామున పలికిన సూత్రమిది. రాత్రంతా నిద్ర లేదు గనుక సంక్షిప్తం.

టీక: పిట్ట అనగా బురుతపిట్ట. పొడవు సుమారు 16 సెంటీమీటర్లు, ఒళ్లంతా మట్టిరంగు, నెత్తిన చిన్న జుట్టు, కాపురం నేలమీద గడ్డి దుబ్బు చాటున. గబ్బిలం అనగా రెక్కలు చాస్తే నాలుగడుగుల పైచిలుకు ఉండే పండ్ల గబ్బిలం. అదీ పిట్టే కదా అని పూర్వపక్షం. కాదు, అది పిల్లకు పాలిస్తుంది. దాని రెక్క అసలు చెయ్యే. సాగిన వేళ్ల నడుమ పరచిన చర్మం. చీకట్లో కేకవేసి, ప్రతిధ్వని పట్టుకుని దారి వెతుక్కునే విద్య చూరు గబ్బిలాలది. ఈ పెద్దది కళ్లనూ ముక్కునూ నమ్ముకుంది.

ఇక "పాట". మగ బురుతపిట్ట రెక్కలల్లాడిస్తూ చుక్కంత అయ్యేదాకా పైకెగసి, గుక్క తిప్పుకోకుండా పాడుతుంది. దీని ఐరోపా జ్ఞాతి మీదే షెల్లీ 1820లో పద్యం కట్టాడు. రసం శృంగారమేనని రసజ్ఞుల తీర్పు. సగమే నిజం. ఆడపిట్టకు అది పిలుపు, పక్క మగపిట్టకు "ఈ చెలక నాది" అనే హెచ్చరిక. వినేవాణ్ణి బట్టి పాట కూడా పీడే!

"పీడ" దగ్గర వ్యాఖ్యాత ఆగక తప్పదు. గబ్బిలం మామిడిపండు నమిలి, రసం మింగి, పిప్పి ఉమ్మేసి పోయే మాట వాస్తవం. కావలివాడి కోపం న్యాయం. అయితే అదే గబ్బిలం ఇప్పపూలకు వచ్చి, మూతినిండా పుప్పొడి పులుముకుని మరో ఇప్పచెట్టు మీద వాలుతుంది. మింగిన గింజలను ఎక్కడో దూరాన విడుస్తుంది. కూలి అడగదు. తలకిందులుగా వేలాడటమూ వేషం కాదు: ఒంటి బరువే గోళ్లను బిగించి పడుతుంది కనుక నిద్రలోనూ పట్టు సడలదు.

ప్రయోగం: శివుడికి రాయబారం పంపదలచిన కవి జాషువా 1941లో మేఘాన్నీ హంసనూ కాదని గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. అంటరానివాడని మనిషిని రానివ్వని గుడిలోకి దానికి ప్రవేశముంది. గుళ్లో దూరేది చిన్న గబ్బిలమే తప్ప తోట గబ్బిలం కాదని సణిగే టీకాకారులుంటారు, వాళ్లను పట్టించుకోనక్కర్లేదు.

తాత్పర్యం: కావలివాడు మామిడిపండు లెక్కే వేశాడు, ఇప్పచెట్టు లెక్క వదిలేశాడు.

పాఠాంతరం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకల సరసన ఐదో షెడ్యూలులో, హానికర ప్రాణులుగా కూర్చోబెట్టింది. కావలివాడి పాఠానికి అదే ప్రమాణం. 2022 సవరణతో ఆ షెడ్యూలే చట్టంలోంచి పోయింది.