తెనాలికి తాళంచెవి రాలేదు

డెన్మార్క్‌లో పుట్టి 2012లో ఫోన్లలోకి దిగిన సబ్‌వే సర్ఫర్స్‌లో కుర్రాడు పట్టాలెంట తనంతట తనే పరిగెడతాడు. వెనక ఇన్‌స్పెక్టరు, ఆయన కుక్క.

తెనాలి జంక్షన్‌లో ఆ ఆటకి ఫోనెందుకు? వంతెన పైన, జనం కింద. రేపల్లె బండి కూతేస్తే చాలు, ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో కూరల సంచి, పట్టాల్లోకి దిగుడే.

ఆటలో నాణేలు ఎదురొస్తాయి. ఇక్కడ రైల్వే చట్టం 147వ సెక్షన్: వెయ్యి రూపాయల దాకా జరిమానా, కాదంటే ఆర్నెల్ల దాకా జైలు.

ఆటలో రైలు గుద్దితే తాళంచెవి ఖర్చుపెట్టి మళ్లీ లేవొచ్చు. ఆ సౌకర్యం తెనాలికి ఇంకా మంజూరు కాలేదు.

బాపట్ల వెళ్లాల్సినవాడేమో ఆటలో మునిగి రేపల్లె బండెక్కేశాడు. అక్కడితో పట్టాలే అయిపోయాయి. స్కోరు మాత్రం పెరుగుతూనే ఉంది.