తక్కువ మార్కు వేసిన సారు దగ్గరికే మళ్లీ వెళ్లు

నంద్యాల ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023 సెప్టెంబరులో మొదలైంది. ఆ తొలి బ్యాచ్‌కు సొంత సీనియర్లు లేరు. పోస్టింగ్‌లో అన్యాయంగా మార్కులు పడ్డాయని ఎవరితోనైనా చెప్పుకోవాలంటే శాంతిరామ్ మెడికల్ కాలేజీలో చదివే అక్కనో, కర్నూలులో చదివే అన్ననో వెతుక్కోవాలి. వాళ్లు ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: సారు కంట పడకు, వచ్చే పోస్టింగ్‌లో యూనిట్ మారుతుంది, ఇంటర్నల్స్ ఎట్లాగూ యూనివర్సిటీ మార్కుల్లో కలపరు. నేను చెప్పేవి దీనికి పూర్తిగా ఎదురు. వినడానికి తలకిందులుగానే ఉంటాయి.

తక్కువ మార్కు వేసిన సారు దగ్గరికే, ఆ వారంలోనే వెళ్లు. మార్కు ఊసెత్తొద్దు. "సార్, ఇంకో పేషెంటును చూస్తాను, ఐదు నిమిషాలు పక్కన నిలబడి చూస్తారా?" అని అడుగు.

ఎందుకంటావా? అన్యాయంలో సగం పక్కన నిలబడి చూడకపోవడంలోనే పుడుతోంది. నువ్వు పొద్దున్నే వార్డుకు వెళ్లి అరగంట సేపు పేషెంటును అడిగావు, తడిమావు, స్టెత్ పెట్టి విన్నావు. అప్పుడు పక్కన ఎవరూ లేరు. సారు వచ్చి నీ ప్రెజెంటేషన్ విని, మూడు ప్రశ్నలు వేసి మార్కు వేశారు. అది నీ నోటికి పడిన మార్కు, చేతికి పడింది కాదు. రుద్రవరంలోనో చాగలమర్రిలోనో తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లాడు ప్లీహాన్ని సరిగ్గా పట్టుకుని కూడా, ఇంగ్లీషులో చెప్పేటప్పుడు తడబడి మార్కు పోగొట్టుకుంటాడు. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేచోట పెద్ద శిల్పి కుర్రవాడి ఉలి దెబ్బను చూస్తాడు, ఎట్లా చెక్కావో వర్ణించమని అడగడు. మన వార్డుల్లో అడుగుతున్నది ఆ వర్ణనే.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. పేషెంటును బట్టి, ఎగ్జామినరును బట్టి మార్కు మారిపోతోందనే స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ 1975లో ఓఎస్‌సీఈ అనే పరీక్షా పద్ధతిని ప్రకటించాడు. అమెరికాలో నార్సినీ బృందం 1995లో మినీ-సీఈఎక్స్‌ను తెచ్చింది. గురువు పక్కనే నిలబడి కాసేపు చూసి, అక్కడికక్కడే బాగున్నదేదో లోపమేదో చెప్పడమే దాని సారాంశం. 2019 నుంచి మనకు వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక కూడా ఇలా చూసి మార్కులు వేయమనే అంటోంది. కాబట్టి నువ్వు అడిగే ఐదు నిమిషాలు దయాభిక్ష కాదు.

రెండో సలహా ఇంకా మింగుడు పడదు: మాట మార్చిన పేషెంటు మీద కోపం తెచ్చుకోవద్దు. ఇది వార్డులో రోజూ జరిగేదే. పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి ఆళ్లగడ్డ నుంచి వచ్చినాయన నువ్వు అడిగితే "తాగుడు అలవాటు ల్యామ్మా" అంటాడు. నువ్వు అదే రాసుకుంటావు. సారు వచ్చి "రోజుకెంత?" అనగానే "క్వార్టరు సార్, పదేండ్లాయ" అంటాడు. బ్యాచ్ అంతా నవ్వుతుంది, హిస్టరీ సరిగ్గా తీసుకోలేదని నీకు మార్కు తగ్గుతుంది. నిజంగా అన్యాయమే. అయినా ఆ మంచం దగ్గరికి మళ్లీ వెళ్లు. నువ్వు అడిగినప్పుడు భార్య మంచం మీదే కూర్చుని ఉందేమో, కూతురు వయసు పిల్ల ముందు ఆయనకు సిగ్గేసిందేమో చూడు. ఈసారి ఆమె టీకి వెళ్లినప్పుడు, "ఎంత తాగుతావు పెద్దాయనా?" అని సారు అడిగినట్టే మొదలుపెట్టు. కేసు షీటులో టైము కూడా వెయ్యి: 9.30కి అడిగితే లేదన్నాడు, భార్య పక్కనే ఉంది, 12 గంటలకు ఒప్పుకున్నాడు. ఇట్లా రాసిన కేసు షీటును ఏ సారైనా రెండోసారి చదువుతాడు.

మంచి ఫైండింగ్స్ ఉన్న కేసు కోసం పరుగెత్తడం కూడా మానెయ్. ఒక్క స్ప్లీన్ మీద బ్యాచ్ అంతా చేతులు వేస్తే, చివరివాడి వంతు వచ్చేసరికి పేషెంటు పొట్ట బిగబట్టేస్తాడు. తడిమితే ఏమీ తెలియదు, మార్కూ రాదు. ఎవరూ పోని మంచం దగ్గరికి నువ్వు పో.

ఇక లెక్కల సంగతి. ఇంటర్నల్స్ కలపరన్న మాట నిజమే, కానీ అది సగం నిజం. ఇంటర్నల్స్‌లో థియరీ, ప్రాక్టికల్ కలిపి 50 శాతం, విడివిడిగా 40కి తగ్గకుండా ఉంటేనే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనిస్తారు. క్లినికల్ హాజరు 80 శాతం ఉండాలి. అందుకే మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టిన రోజే చూసుకో. రాసిన జవాబుపత్రమైతే సమాచార హక్కు కింద చూపించమని అడగొచ్చు, సుప్రీంకోర్టు 2011లోనే ఆ హక్కు విద్యార్థిదని తేల్చింది. వైవాకు అటువంటి కాగితం ఉండదు. ఆ కాగితాన్ని నువ్వే పుట్టించుకోవాలి. చూపించిన ప్రతి కేసుకూ లాగ్‌బుక్‌లో ఆ పూటే తేదీతో సంతకం పెట్టించుకో. పోస్టింగ్ చివర పీజీ చేత ఒకేసారి గీయించుకున్న ఇరవై సంతకాలు ఏ వాదనకూ నిలబడవు.

ఒక్కచోట మాత్రం నేను చెప్పినవన్నీ పక్కన పెట్టేయాలి. కులం పేరు ఎత్తి చులకన చేసినా, ఆడపిల్లవని వెకిలిగా మాట్లాడినా, మాట వినకపోతే ఫెయిల్ చేస్తానని బెదిరించినా ఆ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు, ఒంటరిగా అసలే వెళ్లొద్దు. అది మార్కుల తగాదా కాదు. ఏ రోజు, ఏ వార్డు, ఎవరు విన్నారు అన్నది ఆ రాత్రే రాసిపెట్టు. ఇంట్లో చెప్పు. ఆడపిల్లల విషయమైతే కాలేజీ అంతర్గత కమిటీకి, మిగతావాటికి ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, నీ దగ్గరుండే కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకున్నాకే అక్కడి నుంచి కదులు.