సంచికేమో తనిఖీ, తాళానికి మొక్కుబడి

అలిపిరి తనిఖీలో బీడీకట్ట దొరికితే తీసి పక్కన పడేస్తారు. దాన్ని ఎంత అందంగా చుట్టారో ఎవరూ చూడరు. కొండమీదికి పనికిరాని సరుకైతే చాలు. మన ఆన్‌లైన్ సేవల గుమ్మం దగ్గర వ్యవహారం తలకిందులు. పాస్‌వర్డులో పెద్దక్షరం ఉందా, అంకె ఉందా, గుర్తు ఉందా అని చుట్టిన తీరే చూస్తారు. ‘గోవింద@123’ని ఇంగ్లిషులో కొడితే అన్ని పరీక్షలూ నెగ్గి దర్జాగా లోపలికి పోతుంది. దాన్ని ఊహించడానికి దొంగకు దివ్యదృష్టి అక్కర్లేదు.

2009లో రాక్‌యూ సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డులు బయటపడ్డాయి. వాటిలో జనం ఎక్కువగా ముచ్చటపడ్డది 123456. ఇలాంటి చిట్టాలు దొంగల దగ్గరున్నాయి, కాపలావాళ్లకూ ఉచితంగానే దొరుకుతాయి. కొత్త పాస్‌వర్డును ఆ చిట్టాతో పోల్చి, ఉంటే తిప్పికొట్టమనీ, ఊరికే గడువుపెట్టి మార్పించవద్దనీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. మనవాళ్లు వద్దన్నదాన్నే పట్టుకున్నారు. 123 కాస్తా 124 అవుతోంది, అంతే. పోల్చాలంటే గుట్టు బయటికి పంపాలి కదా అంటారు. అక్కర్లేదు. పాస్‌వర్డును హ్యాష్ అనే 40 అక్షరాల సంకేతంగా మార్చి, మొదటి 5 అక్షరాలే చిట్టా ఉన్నచోటికి పంపితే వాటితో మొదలయ్యే హ్యాష్‌లన్నీ వస్తాయి. మిగతా పోలిక మన గడప లోపలే. ఓటీపీ ఉందిగా అంటారు ఇంకొందరు. ఫోన్లో తియ్యగా అడిగితే దాన్నీ చదివి వినిపించే అమాయకులున్నంత కాలం అది సగం కాపలాయే. జనం విసుక్కుంటారన్నది ఆఖరి సాకు. సంచి విప్పమన్నారని అలిగి, దర్శనం మానుకుని అలిపిరి నుంచి ఇంటికెళ్లిపోయిన భక్తుణ్ని ఒక్కణ్ని చూపించండి చూద్దాం.