ఎవరో పెద్దమనిషికి ఒక పోస్టుకార్డు

సెకండ్‌హ్యాండ్ కారు చూడటానికి బయల్దేరినప్పుడల్లా మా మామ చేతిసంచిలో ఒక టార్చిలైటు, చిన్న అయస్కాంతం, ఉతికిన తెల్ల రుమాలు పెట్టుకునేవాడు. టార్చి సీట్ల కింద తుప్పు వెతకడానికి. అయస్కాంతం డోర్లకు ఆనించి చూడటానికి. సొట్టలు పూడ్చి పుట్టీ మందంగా పెట్టి రంగు కొట్టిన చోట అది పట్టుకోదు. రుమాలు ఇంజన్ ఆయిల్ తుడిచి చూడటానికి. ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మీగడలాంటిది కనిపిస్తే ఇంజన్‌లోకి నీళ్లు చేరుతున్నాయని అనుమానించాలి. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. చదవకుండా, అడగకుండా, రాసుకోకుండా ఏ పనీ చేయడు. అతని దగ్గర చదువుకున్న మెకానిక్ ఒకడు ఎప్పుడూ వెంట ఉండేవాడు.

కారు సరదాకు కాదు. కోడలికి హన్మకొండలో ఉద్యోగం. పొద్దున రైలు కోసం చూస్తే ఆఫీసుకు ఆలస్యం, బస్సెక్కితే నిలబడటానికీ జాగ దొరకదు. అత్తమ్మ మోకాళ్లు స్టేషన్ మెట్లెక్కే స్థితిలో లేవు. రానూపోనూ అరవై కిలోమీటర్లు, 163వ నంబరు జాతీయ రహదారి మీద, లారీల పక్కన, వానలోనూ మంచులోనూ. రోజూ ఇంటిమనుషులు ఎక్కే బండి కాబట్టి మామ భయమంతా బ్రేకులు, టైర్లు, స్టీరింగు గురించే. చేతిలో ఉన్నది మూడు లక్షలు.

మొదట చూసింది హన్మకొండలో, 2018 మోడల్. మెరిసిపోతోంది. ఇంజన్ చప్పుడు మెత్తగా ఉంది. లోపల కూర్చోగానే అగరొత్తుల వాసన. మామ ఏమీ మాట్లాడకుండా సీట్ బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు పట్టీ మీద ఎండిపోయిన బురద గీత.

"సారూ, ఇది నీళ్లల్ల మునిగిన బండి" అన్నాడు మెకానిక్.

2023 జులై ఆఖర్లో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి వరద వచ్చింది. అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాద్, ఆ తర్వాత 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మం, బుడమేరు పొంగి విజయవాడ. అలా మునిగిన కార్లలో కొన్ని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్లీ అమ్మకానికి వస్తాయి. ఇంజన్‌ను విప్పి బాగు చేయొచ్చు. వైర్ల అతుకుల్లో చేరిన తడి మాత్రం నెలల తరబడి లోలోపల తొలుస్తూనే ఉంటుంది. ఒకరోజు హెడ్‌లైట్లు ఆరిపోతాయి, ఇంకోరోజు నడిరోడ్డు మీద బండి ఆగుతుంది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం ఉండదు. తెలిసి ఇలాంటి బండిని మంచి బండిగా అంటగట్టేవాణ్ణి నేను వ్యాపారి అనను. కొనేవాడి పిల్లలు వెనకసీట్లో కూర్చుంటారని అతనికి తెలుసు.

రెండోది జనగామలో. మీటరు 38,000 కిలోమీటర్లు చూపిస్తోంది. క్లచ్ పెడల్ రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయింది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. దాన్నిబట్టి టైర్లు అప్పటికే ఒకసారి మారాయి. అంత తక్కువ తిరిగిన బండికి టైర్లు మార్చాల్సిన అవసరమేమిటని అడిగితే అమ్మేవాడు ఫోన్ వచ్చిందంటూ పక్కకు వెళ్లాడు. మేం తిరిగొచ్చేశాం.

మూడోది కాజీపేటలో. మనసు పడిపోయే బండి అది. మామ ముందే చెప్పి పెట్టాడు కాబట్టి ఓనరు ఇంజన్ వేడి చేసి ఉంచలేదు. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఒక్క తిప్పుకే స్టార్టయింది. పొగ నీలంగా లేదు, అంటే ఆయిల్ కాలడం లేదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు వదిలితే బండి గీత గీసినట్టు నేరుగా పోయింది. ధర కూడా మామ అనుకున్నదానికంటే తక్కువే. మెకానిక్ కళ్లతోనే 'తీస్కో సారూ' అన్నాడు.

"ఆర్సీ సూపెట్టు బిడ్డా" అన్నాడు మామ.

టీఎస్ 02, కరీంనగర్ బండి. ఆర్సీలో ఉన్న పేరు వేరు. మా ముందున్న కుర్రాడు మూడో చేతి మనిషి. మధ్యలో ఎవరూ పేరు మార్పించుకోలేదు. మొదటి ఓనరు సంతకం పెట్టిన 29, 30 నంబరు ఫారాలు మాత్రం ఒక ప్లాస్టిక్ కవర్లో చేతులు మారుతూ వస్తున్నాయి, తేదీ లేకుండా, కొనేవాడి పేరు లేకుండా.

"ఏమైతది సార్, అందరూ గిట్లనే నడిపిస్తుర్రు" అన్నాడు కుర్రాడు.

మామ ఆ మాటకు అక్కడే మెట్టు మీద కూర్చుని పాఠం మొదలుపెట్టాడు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణాశాఖకు చెప్పాలి. చెప్పకపోతే? నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పును తేదీతో సహా వినిపించాడు. విజయ్ కుమార్ అనే ఆయన 2007లో కారు అమ్మేశాడు. అది ఆయన దగ్గర కొన్నవాడితో కూడా ఆగలేదు, వరుసగా చేతులు మారింది. 2009లో ఆ కారు కింద పడి ఒక మనిషి చనిపోయాడు. కోర్టు అడిగింది ఒక్కటే: ఆ రోజున రిజిస్టరులో ఎవరి పేరుంది? విజయ్ కుమార్ పేరుంది. పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది. చనిపోయినవాడి ఇంటివాళ్లు కారు ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగలేరు కదా అన్నది కోర్టు మాట. అది న్యాయమేనని మామ అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

"నువ్వు రేపు ఎవరినన్న గుద్దితే ఈ కరీంనగర్ పెద్దమనిషి మునుగుతడు. ఆయన బండి అమ్మిన్నని నిమ్మలంగ పండుకుంటుండు, పాపం."

కారు వద్దన్నాడు. ఆర్సీ మీది చిరునామా మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాడు. ఇంటికొచ్చి పోస్టుకార్డు రాశాడు: 'అయ్యా, మీరెవరో నాకు తెలియదు. మీ కారు ఇంకా మీ పేరు మీదనే తిరుగుతున్నది. వెంటనే రవాణాశాఖలో చెప్పుకోండి. పేరు మారేదాకా ఇన్సూరెన్స్ మురిగిపోకుండా చూసుకోండి.' కింద ఫోన్ నంబరు ఇచ్చాడు. ఊరూ పేరూ తెలియని మనిషి కోసం అంత ఆలోచించేవాళ్లు ఎంతమంది ఉంటారు? కొన్నాళ్లకు ఆ పెద్దమనిషి నిజంగానే ఫోన్ చేశాడు. కుర్రాణ్ణి పట్టుకుని పేరు మార్పిడి చేయించానని, మీ రుణం తీర్చుకోలేనని చెబుతుంటే స్పీకర్లో మేమంతా విన్నాం.

మామకు కారు కొత్త కాదు. అంతకుముందు తెల్ల ఆల్టో ఒకటి ఉండేది. 2016 చివర్లో, నోట్ల రద్దు రోజుల్లో, ఇంట్లో ఖర్చు వచ్చి దాన్ని ఒక బ్రోకరుకు ఇచ్చేశాడు. అప్పుడే జనగామ కొత్త జిల్లా అయింది, మా స్టేషన్ ఘన్‌పూర్ వరంగల్ నుంచి అందులోకి మారింది. ఆఫీసులు ఇంకా సర్దుకోలేదు, మిగతా పని నేను చూస్కుంట సారూ అన్నాడు బ్రోకరు. అందరూ పాత నోట్లు ఇస్తున్న రోజుల్లో అతను చెక్కు ఇచ్చినందుకే మామ సంతోషపడి, అడిగిన చోటల్లా సంతకాలు పెట్టాడు. ఆ తర్వాత ఇన్నేళ్లూ స్కూటరే.

చివరికి రఘునాథపల్లిలో మంచి బండి దొరికింది. 2017 వ్యాగనార్, పెట్రోలు, ఒకే ఓనరు, సర్వీసు బుక్కులో అన్ని ముద్రలూ ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూశాడు. పాత చలాన్లు కట్టించాడు. బ్యాంకు అప్పు తీరినట్టు ఎన్ఓసీ, 35వ నంబరు ఫారం చేతికొచ్చాకే డబ్బిచ్చాడు. పేరు మార్పిడికి, ఇన్సూరెన్స్ మార్పిడికి ఆ వారంలోనే దరఖాస్తు పెట్టాడు.

బండి ఇంటికి రాగానే ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ప్యాడ్లు మార్పించాడు. పాత ఓనరు చెప్పింది నిజమే కావచ్చు, కానీ లెక్క మన చేతిలో మొదలవ్వాలంటాడు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి తిరగకముందే చూడాలి. తిరిగి వేడెక్కాక చూస్తే లెక్క తప్పుతుంది. ఇదంతా ఒక నోటుబుక్కులో తేదీలవారీగా ఉంది. ఇప్పుడు కోడలు నిశ్చింతగా వెళ్లొస్తోంది. అత్తమ్మ ముందు సీట్లో కాళ్లు చాపుకుని హన్మకొండ దాకా పోతోంది.

మిగిలింది మామ పేరుతో కొత్త ఆర్సీ పోస్టులో రావడమే. ఓ శనివారం నేను వాళ్లింట్లో ఉండగా గేటు దగ్గర పోస్ట్‌మన్ పిలిచాడు.

"సారూ, రిజిస్టర్ పోస్టు. సంతకం పెట్టుర్రి."

"ఆర్సీ అచ్చింది!" అని మామ అత్తమ్మను కేకేశాడు.

కవరు విప్పితే కార్డు లేదు, కాగితాలున్నాయి. కళ్లద్దాలు దొరక్క నా చేతికిచ్చాడు. మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ నుంచి నోటీసు. పనిమీద నుంచి బైకు మీద ఇంటికి పోతున్న ఇరవై ఆరేళ్ల కుర్రాణ్ణి కారు గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. భార్య, రెండేళ్ల పాప, తల్లి కలిసి 28 లక్షల పరిహారం అడుగుతున్నారు. కారు తెల్ల ఆల్టో, ఏపీ 36. మొదటి ప్రతివాది డ్రైవరు. రెండో ప్రతివాది, వాహన యజమాని... ఆ గీతలో మామ పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు.

"అమ్మిన కదరా అల్లుడా" అన్నాడు మామ. కాసేపాగి, "ఇన్సూరెన్స్ కంపెనీ ఏది రాసిర్రు, సూడు" అన్నాడు.

పేజీ తిప్పాను. మూడో ప్రతివాది లేడు. ప్రమాదం జరిగిన రోజున ఆ కారుకు ఇన్సూరెన్స్ లేదు.