పద్దు తప్పని బావగారు

మా బావగారి యొద్ద 15,000 రూపాయలు ఉండెడివి. 2017వ సంవత్సరము మొదలుకొనియు ఉండెడివి. ఏడు రెండువేల నోట్లును, రెండు అయిదువందల నోట్లును ఒక ఖాకీ కవరునందు చేరి, పైన ఎఱ్ఱసిరాతో 'గ్రాఫిక్స్ కార్డు నిమిత్తము' అను శీర్షిక దాల్చి, మా అక్క పట్టుచీరల నడుమ బీరువాలో నిక్షిప్తములై, ఇంటిలో ఎవరికి జ్వరము వచ్చినను, ఏ పండుగ తలుపు తట్టినను చలింపక ఆఱేండ్లు తపస్సు చేసినవి. బావగారు ఖజానాశాఖలో అకౌంటెంటు. ఒక పద్దుకు కేటాయించిన సొమ్ము వేఱొక పద్దుకు పోరాదనునది ఉద్యోగము వారికి నేర్పిన ధర్మము. సాయంకాలము ఇంటికి వచ్చి చొక్కా విప్పి వంకెకు తగిలించినను ఆ ధర్మము మాత్రము ఒంటిని విడువదు.

ఈ నిధికి ఉద్దిష్టమైన యంత్రము 2014లో కొన్నది. నాలుగు కోరుల ఐ5 ప్రాసెసరును, జీటీఎక్స్ 750 టీఐ అను రెండు జీబీల కార్డును గర్భమున ధరించి, ఆ కాలమున అది నిండుయౌవనమున నుండెను. ఆ కార్డు మిక్కిలి సాత్త్వికమైనది: 60 వాట్లతో తృప్తి చెందును, మదర్‌బోర్డు స్లాటు పెట్టు 75 వాట్ల భిక్షతోనే కడుపు నింపుకొనును గాని విద్యుత్తు పంచు ఎస్‌ఎంపీఎస్ కడకు పోయి వేఱొక తీగను యాచింపదు. 2015లో జీటీఏ ఫైవ్ కంప్యూటరులకు వచ్చినప్పుడు దానిని చక్కగనే ఆడించెను. పిమ్మటి ఆటలకు రెండు జీబీలు చాలవాయెను. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ వచ్చునప్పటికి, తెరమీది వీరుడు ఒక అడుగు వేసి, రెండవ అడుగునకు ముహూర్తము పెట్టించుకొనుచున్నవానివలె నిలిచిపోవుచుండెను.

సొమ్ము సిద్ధముగా నుండగా ఇంత జాగేల యని పాఠకులు శంకింపవచ్చును. 2017లో కొనబోవునంతలో, కంప్యూటరులతో ఈథీరియము నాణెములు తవ్వు మహానుభావులు అంగళ్ళలోని కార్డులను మూటలుగా కొని ధరలను ఆకాశమున కెక్కించిరి. అవి కొంత దిగి, 'ఇంకా దిగుతుందోయ్' అని బావగారు మీసము దువ్వుచుండగా కరోనా వచ్చెను. 2021 నాటికి తవ్వకమువారు రెండవమాఱు విజృంభించిరి. 2022 సెప్టెంబరు 15వ తేదీన ఈథీరియము తన విధానమును మార్చుకొని, కార్డులతో తవ్వు పనియే లేకుండ చేసినప్పుడు బావగారు మా అక్కచేత సేమ్యా పాయసము చేయించిరి. ఆ నాణెములలో వారికి చిల్లిగవ్వ లేదు. నిరుద్యోగులైన కార్డులన్నియు సెకండ్‌హ్యాండు బజారునకు వచ్చునని మాత్రమే ఆ పాయసము. వచ్చినవి గూడ. అయినను కవరు కదలలేదు. ఇంకా దిగునట!

తుదకు దానిని కదలించినది రిజర్వు బ్యాంకు. 2023 మే 19వ తేదీన రెండువేల నోట్లను చలామణినుండి ఉపసంహరించుచున్నామని ప్రకటన వెలువడగా, "బ్యాంకులో వేసేస్తే సరిపోతుంది కదండీ" అని మా అక్క సహజముగ ననెను. బావగారు చెవులు మూసుకొనిరి. బ్యాంకులో వేసిన సొమ్ము జీతపు సొమ్ముతో కలసిపోవును. కలసిన పిమ్మట ఏ రూపాయి కార్డుది, ఏ రూపాయి కందిపప్పుది యని యెవడు నిర్ణయింపగలడు? కావున మఱునాడే అర్ధదినము సెలవు పెట్టి, నన్ను సాక్షిగా వెంటబెట్టుకొని, సికింద్రాబాదు పార్క్‌లేనులో జనులు సీటీసీ యని పిలుచు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు బయలుదేఱిరి.

అచట దుకాణములు మూయువఱకు మేము చేసిన ప్రదక్షిణములకు ఏ దేవాలయమునందైనను సంతానప్రాప్తి కలిగియుండెడిది. ఆర్‌ఎక్స్ 580 చవుకయే; కాని అది 185 వాట్లు భుజించు భీమసేనుడని విడిచితిమి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ క్రొత్తది, నవనవలాడుచున్నది. కాని అది పదునాఱు దారుల స్లాటులో నాలుగు దారులనే వాడుకొనుననియు, మా బోర్డు మూడవ తరముది గనుక ఆ నాలుగును సగము వేగముతోనే నడచుననియు బావగారు అమ్మువానికే అరగంట బోధించి, వాని కన్నులు మూతపడినవని నిర్ధారించుకొని లేచిరి. వారి మనస్సు 2021లో వెలువడిన ఆర్‌ఎక్స్ 6600 పైననే యుండెను: ఎనిమిది జీబీలు, 132 వాట్లు. క్రొత్తది అప్పుడు ఇరువది వేలు దాటుచుండెను. చిట్టచివరి అంగడిలో వాడినది యొకటి దొరకెను.

"మైనింగ్‌ల వాడలే అన్నా. మా మేనల్లుడు ఆడుకున్న కార్డు" అనెను ఆ కుఱ్ఱవాడు.

బావగారు దానిని వాసన చూచిరి. ఫ్యాను ఱెక్కను చిటికెనవ్రేలితో త్రిప్పిరి. మేనల్లుని వయస్సు, చదువు, నిద్రించు వేళ అడిగిరి. బేరము 14,800 వద్ద తెగెను.

ఇక అసలు విద్య ఇచట ఆరంభమగును. ఈ కార్డునకు స్లాటు భిక్ష చాలదు; ఎనిమిది పిన్నుల తీగ కావలెను. మా పాత ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్టుతోపాటు ఉచితముగ వచ్చినదగుటచే దానికి అట్టి తోక లేదు. బావగారు రెండు చేతులతో రెండు ఎస్‌ఎంపీఎస్‌లను కందగడ్డలవలె ఎత్తి చూచి, బరువైనదానిని 3,500 రూపాయలకు కొనిరి. బడ్జెట్టు దాటినది గదా యని నేను గొణుగగా, నాసిరకపు ఎస్‌ఎంపీఎస్ పేలినచో ఇల్లు కాలును, కాబట్టి ఇది 'గృహరక్షణ' పద్దు అనిరి. వేఱొక ఎనిమిది జీబీల ర్యాము 'అబ్బాయి చదువు' క్రిందికి పోయెను. యూపీఎస్ బ్యాటరీ 'వేసవి ఏర్పాట్లు'. ఇంటికి వచ్చి చూడగా కార్డు పొడవై క్యాబినెట్టులో పట్టకపోవుటచే, హార్డుడిస్కు గూడును ఆక్సా బ్లేడుతో కోసిరి. ఇల్లు కోల్పోయిన ఆ డిస్కు నేటికిని గతవత్సరపు పంచాంగముపై పవళించియున్నది. బ్లేడు ధరను వారు ఏ పద్దున వేసిరో తెలియదు.

ఆ రాత్రి ఆట పూర్వముకంటె మందముగ నడచెను. బావగారు చలింపలేదు. "కొత్త ఎద్దోయ్, కాడికి అలవాటు పడద్దూ?" అనిరి. రెండవనాడు ఎద్దు మఱింత మొరాయించెను. దోషము కార్డుది కాదనియు, ముసలి ప్రాసెసరు దాని పరుగు నందుకొనలేకున్నదనియు వారు తేల్చిరి. క్రొత్త ప్రాసెసరునకు క్రొత్త బోర్డు, క్రొత్త బోర్డునకు క్రొత్త ర్యాము వలయును గాన, 'పాత కట్టడముల పునరుద్ధరణ' అను పద్దు తెఱచి, మా అక్క చీటీ సొమ్ము ఏ నెలలో వచ్చునో ఆరా తీయుచుండగా, ఏడవ తరగతి చదువుచున్న మా మేనల్లుడు బల్ల క్రింద దూఱి, "నాన్నా, మానిటర్ వైరు బోర్డుకే పెట్టావు, కార్డుకి పెట్టలేదు" అనెను.

నిజమే. మా పాత మానిటరునకు వీజీఏ తీగ యొక్కటియే. క్రొత్త కార్డునకు వీజీఏ రంధ్రమే లేదు. చేయి అలవాటుచొప్పున బోర్డు రంధ్రమును వెదకికొన్నది. రెండు దినములు ఆట ఆడినది ప్రాసెసరులోని బుల్లి గ్రాఫిక్సు. 14,800 రూపాయల కార్డు పొరుగింటి పెండ్లికి వచ్చిన చుట్టమువలె దీపములు వెలిగించుకొని ఊరక కూర్చున్నది. 350 రూపాయల కన్వర్టరు తెచ్చి తగిలింపగా తెరమూలన 90 అంకె వెలిగెను. ఆ మానిటరు సెకనునకు 60 చిత్రములకంటె ఎక్కువ చూపజాలదని నేను మెల్లగా జ్ఞాపకము చేసితిని. "మిగిలిన ముప్పై నిల్వ" అనిరి బావగారు, మిగులు బడ్జెట్టును చూచుకొను ఆర్థికమంత్రివలె.

కాని వారి మొగములో ఏదో వెలితి. 14,800కు 350 కలిపినచో 15,150. గృహరక్షణ కాదు, చదువు కాదు, వేసవి కాదు. ఆ 150 రూపాయలు నిలువనీడ లేక మూడు దినములు ఇల్లంతయు తిరిగినవి. నాలుగవనాడు మేనల్లుడు మా యింటికి వచ్చి, "మామయ్యా, నాన్న నూటయాభై ఇప్పించుకు రమ్మన్నాడు" అనెను. వెంట ఒక చీటీ: 'సీటీసీ ప్రయాణమున బావమఱది ఉపాహారము, రావలసినది.'

ఒక చాయకును, రెండు ఉస్మానియా బిస్కత్తులకును అంతయెట్లయినదని ఫోనుచేసి అడిగితిని. "ఆటోలో సగం కూడా కలిపానోయ్" అని సెలవిచ్చిరి. ఆ ఆటోలో క్రొత్త ఎస్‌ఎంపీఎస్ ఇంటివఱకును నా యొడిలోనే కూర్చున్నది. దాని చార్జి ఏ పద్దున వేసిరో అడుగక, డబ్బులు పిల్లవాని చేతిలో పెట్టితిని.